చెక్క స్కేలు పిలుపు

ఆ వీధిలో ఆమెను అందరూ సూదులమ్మ అనే అంటారు. దర్జీ పని. పనిలో కూర్చుందంటే పెదాల మధ్య అరడజను గుండుసూదులు ఉండాల్సిందే. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కోడళ్ల గురించి, మొగుళ్ల గురించి, ఎదురింటివాళ్ల గురించి ఏకరువు పెడుతుంటే ఆమె "ఊఁ" అంటుంది. మరీ ఘోరంగా ఉంటే "ఉహూఁ" అంటుంది. అంతే. నోట్లో నువ్వుగింజ నానని జనం ఉన్న వీధిలో నోట్లో సూదులున్న మనిషి దగ్గర అందరి గుట్టూ పోగుపడిందంటే వింతేముంది? ఈవిడ నోరు విప్పాలంటే ముందు సూదులు రాలాలి కదా అని వాళ్ల ధీమా.

నిజానికి సూదులమ్మలు ఇద్దరు. వెనక గదిలో కటింగు బల్ల దగ్గర అక్క, ముందు గదిలో మిషను దగ్గర చెల్లెలు. అక్క కత్తిరించేది, చెల్లెలు కుట్టేది. ఇద్దరి నోళ్లలోనూ సూదులే కాబట్టి ఒకరినొకరు పిలుచుకోవడానికి నోరు ఖాళీ ఉండేది కాదు. అందుకని చెరొక చెక్క స్కేలు దగ్గర పెట్టుకుని బల్ల మీద కొట్టేవారు. ఒక దెబ్బ అంటే "ఇలా రా". రెండు దెబ్బలంటే "ఆగు, కదలకు". మూడు దెబ్బలంటే "ఇవాళ్టికి పని అయిపోయింది, లే, తిందాం". ఎవరు ఎవరికి నేర్పారో వాళ్లకే గుర్తులేదు. పెళ్లీ పెటాకులూ లేకుండా ఒకే కప్పు కింద తలలు నెరిసిన ఆ ఇద్దరూ సగం జీవితం ఈ మూడు మాటలతోనే నెట్టుకొచ్చారు. పోట్లాటలు కూడా వాటితోనే. కోపం వచ్చిన రోజున అక్క స్కేలు కొట్టే తీరుకి, వీళ్లకి కింది వాటా అద్దెకిచ్చి పైవాటాలో ఉండే ఇంటాయన మెట్ల మీద నుంచి కిందికి తొంగిచూసేవాడు.

పోయిన చలికాలం అక్కకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేశారు. చివరి సాయంత్రం అక్క మంచం పక్కనున్న ఇనుప కడ్డీని గోటితో మూడుసార్లు కొట్టింది. దాహమేస్తోందనుకుని నర్సు తడిగుడ్డతో పెదాలు తుడిచింది. చెల్లెలికి మాత్రం తెలిసింది. "ఇంకా కాలేదే అక్కా, బోలెడు పనుంది" అని ఆ వార్డంతా వినబడేలా అంది. జీవితంలో అక్క మూడు దెబ్బలకి కాదనడం అదే మొదలు. అక్క వినిపించుకోలేదు. తెల్లారేసరికి పోయింది.

చెల్లెలు ఏడుస్తుందేమోనని వీధి వీధంతా కాచుకుని కూర్చుంది. ఆమె ఏడవలేదు. కొట్టు తెరిచింది, కుట్టింది, మూసింది. కటింగు కూడా తనే చూసుకుంది, అక్క స్కేలుతోనే. అలవాటు మాత్రం మొండిది, మనిషి పోయినా అది పోలేదు. ఏ కాలరు దగ్గరో సందేహం రాగానే చేయి దానంతటదే స్కేలు అందుకుని బల్ల మీద ఒక దెబ్బ వేసేది. వెనక గదిలోంచి ఎవరూ వచ్చేవారు కాదు. సూదులమ్మ కాసేపు ఆ గుమ్మం వైపు చూసి, మళ్లీ తల వంచి కుట్టు అందుకునేది.

ఊరి చివర, జనం వదిలేసిన కుక్కల కోసం ఒక షెల్టరుంది. దాన్ని చూసుకునే అమ్మాయి చిన్నప్పుడు ఈ కొట్లోనే స్కూలు యూనిఫారాలు కుట్టించుకుంది. అక్కని పెద్దమ్మ అనీ, ఈమెను పిన్ని అనీ పిలిచేది. మిగిలిపోయిన గుడ్డపీలికలుంటే కుక్కల పరుపులకి గలీబులు కుట్టిపెట్టమని ఆ అమ్మాయి అడిగింది. కుట్టినవి ఇచ్చిరావడానికి సూదులమ్మ ఒకసారి వెళ్లింది.

ముందు వరసలో కూనలూ చిన్న కుక్కలూ ఉన్నాయి. వచ్చినవాళ్లు వాటినే ఎత్తుకుని, ముద్దాడి, పట్టుకుపోతారు. వెనక రేకుల కింద ఇంకో వరస ఉంది. అక్కడ పెద్ద కుక్కలు, ముసలివి, ఒక ఇంటికి పోయి తిరిగొచ్చినవి. వాటికి అరుపూ లేదు, మొరుగుడూ లేదు. మనిషి అలికిడైతే తల ఎత్తి కూడా చూడవు. చాలావరకు గోడకి మొహం పెట్టి పడుకుని ఉన్నాయి. చివరి బోనులో దూడంత ఒళ్లున్న మట్టిరంగు కుక్క ఒకటుంది. మెడ చుట్టూ వెంట్రుకలు ఊడిపోయి నల్లటి చర్మం కనబడుతోంది.

"వీడు బండోడు," అంది షెల్టరమ్మాయి. "మూతపడ్డ గోడౌన్లో గొలుసుతో కట్టేసి, ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు పిన్నీ. ఎన్నాళ్లున్నాడో ఏమో. తెచ్చి బాగుచేసి ఒకింటికి ఇచ్చాం. ఇంత పెద్దవాడవుతాడనుకోలేదండీ అని తిరిగి తెచ్చేశారు. అప్పటికే ఇంత ఉన్నాడు, ఇంకా పెరగడానికి వీడేమన్నా మొక్కా?"

సూదులమ్మ నవ్వలేదు. "ఇంకో ఇల్లు చూడొచ్చుగా?"

"చూస్తున్నాం. ఇంత కుక్కని ఎవరడుగుతారు? ఇంకొక్కసారి తిరిగొచ్చాడంటే ఇక ఎవరికీ చూపించం. చూపించినా తీసుకోరు. ఇదిగో, ఈ వరసే." అమ్మాయి గొంతు తగ్గించింది, కుక్కలకి మాటలు అర్థమవుతాయన్నట్టు. "ఈ బోనులో ఉంటే మనుషులంటేనే మర్చిపోతాడు. ఇల్లు దొరికేదాకా మీ దగ్గర ఉంచుకోరూ పిన్నీ? తిండి నేను పంపిస్తాను."

గలీబులు ఇచ్చిరావడానికి వెళ్లిన మనిషి కుక్కతో ఇంటికొచ్చింది. ఇంటాయన మెట్ల మీద నుంచే చూశాడు. ఆయన ఏం మాట్లాడినా అక్కణ్నుంచే.

"ఏంటమ్మా అది? కుక్కా, గుర్రమా?"

"ఇల్లు దొరికేదాకానండి."

"ఇల్లు ఎవరికి? మీకా, దానికా?"

"వాడికే."

"దొరికేదాకానే సుమా!" అని ఆయన లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

వచ్చిన బండోడు నేరుగా వెనక గదిలో కటింగు బల్ల కిందికి దూరాడు. అంతే, బయటికి రాడు. గిన్నెలో వేసింది ఎవరూ చూడనప్పుడు తినేవాడు, ఎవరూ చూడనప్పుడు పెరట్లోకి వెళ్లొచ్చేవాడు. సూదులమ్మ కూడా బలవంతపెట్టలేదు. ఎవరికైనా తలదాచుకోవడానికి బల్ల కావాలంటే ఆ బల్లను మించింది లేదని ఆమెకు తెలుసు. అక్క పోయిన కొత్తలో తనూ ఒకటి రెండుసార్లు దాని కాళ్ల దగ్గరే కూర్చుంది.

ఒక మధ్యాహ్నం ఎవరిదో కోటు కాలరు కుదరక విసుగెత్తి, ఆలోచించకుండానే ఆమె స్కేలు తీసి ఒక దెబ్బ వేసింది. వెనక గదిలో ఏదో కదిలింది. గచ్చు మీద గోళ్ల చప్పుడు. ఇన్నాళ్లూ ఎవరూ రాని ఆ గుమ్మంలోంచి ముందు ఒక తల వచ్చింది, తర్వాత ఒళ్లంతా వచ్చింది. బండోడు నెమ్మదిగా నడిచి వచ్చి ఆమె మోకాలి పక్కన నిలబడ్డాడు. ఆ గోడౌన్లో ఎవరు ఏ రేకు మీద కొట్టి వాడికి ముద్ద వేసేవారో, మనకేం తెలుసు? సూదులమ్మ నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే ఒళ్లో రాలాయి. అక్క పోయినప్పుడు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. తనవల్ల ఏం తప్పు జరిగిందా అన్నట్టు బండోడు తల వంచుకుని నిలబడ్డాడు.

ఇక రెండు దెబ్బలూ, మూడు దెబ్బలూ నాలుగు రోజుల్లోనే వాడికి పట్టుబడ్డాయి. రెండు కొడితే ఎక్కడివాడు అక్కడే నిలిచిపోయేవాడు, కొలత తీసుకుంటున్న మనిషిలాగే. మూడు కొడితే లేచి ఒళ్లు విరుచుకుని, తిన్నగా తన గిన్నె దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. సూదులమ్మ వాడి గిన్నెలో ఇంత వేసి, తన కంచం పట్టుకుని వాడి ఎదురుగా కూర్చునేది. ఇద్దరూ మాట్లాడకుండా తినేవారు. కొట్లోకి వచ్చిన ఆడవాళ్లు, "నీ కుక్కకి భలే క్రమశిక్షణ సూదులమ్మా, మా ఆయనకి కూడా రెండు దెబ్బలు నేర్పకూడదూ?" అని వేళాకోళమాడేవారు.

ఇందులో ఒక పొరపాటు జరిగిపోయింది. అది ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా జరగదు. సూదులమ్మ ఏనాడూ నోరు తెరిచి "బండోడా" అని వాణ్ణి పిలవలేదు. పిలవాల్సిన అవసరమే రాలేదు. పిలవడం లేదన్న సంగతి కూడా ఆమెకు తట్టలేదు. ఎవరి ఇంటి వాసన వాళ్లకి తెలియదు కదా.

మంచి రోజులకి కాళ్లెక్కువ, తొందరగా నడిచిపోతాయి. ఒక ఉదయం షికారుకి తీసుకెళ్తే గోడ మీద నుంచి పిల్లి దూకింది. బండోడు దాని వెనక ఒక్క ఊపున దూకాడు. పట్టీ కుడిచేతికి చుట్టుకుని ఉన్న సూదులమ్మ రోడ్డు మీద బోర్లా పడింది. పడ్డది కూడా చూసుకోకుండా ముందు వాడు ఎటు పోతున్నాడోనని చూసింది. వాడు ఎటూ పోలేదు, వెనక్కొచ్చి ఆమె మొహం నాకాడు. మణికట్టు ఎముక చిట్లింది. ఇంకోసారి ఇలా లాగించుకుంటే కత్తెర పట్టుకోవడం మర్చిపోవచ్చని డాక్టరు చెప్పి కట్టు కట్టాడు. దర్జీకి కుడిచేయి పోతే ఇంకేం మిగిలింది?

ఆ సాయంత్రం ఇంటాయన మెట్లు దిగి కొట్లోకే వచ్చాడు. ఆయన మెట్లు దిగాడంటే సంగతి చిన్నది కాదు. స్టూలు మీద కూర్చుని, బండోడి వైపు చూడకుండా మాట్లాడాడు.

"నేను చెడ్డవాణ్ణి కాదమ్మా. వాడూ చెడ్డవాడు కాదు. కానీ మీరు మళ్లీ పడితే లేపడానికి ఎవరున్నారు? పెద్దావిడ కూడా లేదాయె. పిల్లలు కొలతలివ్వడానికి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పారిపోతున్నారు, పైనుంచి చూస్తూనే ఉన్నాను. ఇల్లు దొరికేదాకా అన్నారు. దొరకనివ్వండి మరి."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేదైనా ఉంటే పోట్లాడేది. లేకపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే షెల్టరమ్మాయి ఎగురుకుంటూ వచ్చింది. "దొరికింది పిన్నీ! ఊరవతల మొక్కల నర్సరీ. మొగుడూ పెళ్లాం, చుట్టూ కంచె, ఎకరం జాగా. పెద్ద కుక్కే కావాలట! ఇలా అడిగినవాళ్లని నేనింతవరకు చూడలేదు. షెల్టరుకొచ్చి ఫోటో చూసి, వీడే కావాలన్నారు. పిలిస్తే వస్తాడా, మాట వింటాడా అని అడిగారు."

సూదులమ్మ సూదుల మధ్యలోంచి "ఊఁ" అంది. అది అబద్ధమని ఆమెకు తెలియదు.

షెల్టరు పద్ధతి ఒకటుంది. కొన్నాళ్లు పెంచినవాళ్లు అప్పగింతలకి రాకూడదు, వస్తే కుక్క కొత్తవాళ్ల వెంట కదలదు. అందుకని షెల్టరమ్మాయే వ్యాను తెచ్చి బండోణ్ణి ఎక్కించుకుంది. వాడి కోసం కుట్టిన కొత్త గలీబు, వాడి గిన్నె సూదులమ్మ సంచిలో పెట్టి ఇచ్చింది. వ్యాను తలుపు వేసేముందు వాడి చెవులు సవరించి, "బుద్ధిగా ఉండు" అంది. వాడితో నోటితో మాట్లాడిన మాటల్లో అదే పెద్దది. వ్యాను మలుపు తిరిగాక లోపలికొచ్చి అక్క స్కేలును గోడ మేకుకి తగిలించింది. ఆ తర్వాత కొలతలకి తన పాత స్కేలే వాడింది, బల్ల మీద మాత్రం కొట్టలేదు.

పది రోజులు కూడా తిరక్కుండా ఫోను వచ్చింది. అవతలి గొంతు మైకు మింగినట్టుంది.

"అక్కా, నేను నర్సరీ నుంచి. బండోణ్ణి మీరే పెంచారటగా?"

జీవితమంతా చెల్లెలుగా బతికిన మనిషిని ఒకరు అక్కా అనడం అదే మొదటిసారి. సూదులమ్మ సూదులు తీసి డబ్బాలో వేసింది. "చెప్పమ్మా."

"వీడికి అసలు చెవులు వినిపిస్తాయా అక్కా? బండోడా బండోడా అని నా గొంతు పోతోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. డాక్టరుకి చూపిస్తే చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. మరి ఎందుకు పలకడు? నిన్న గేటు తీసి ఉంటే రోడ్డు మీదికి నడిచిపోయాడు. లారీ వస్తోంది. నేను అరుస్తున్నా, మా ఆయన అరుస్తున్నాడు, వాడు వెనక్కి కూడా చూడలేదు. లారీవాడు బ్రేకేశాడు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి తాడేసి కట్టేశాం. మాకూ మనసొప్పట్లేదు. మీ దగ్గర వినేవాడన్నారు, ఎలా పిలిచేవారు?"

సూదులమ్మకి ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది. వాడికి ఆ పేరు ఒక చప్పుడు మాత్రమే, రోడ్డు మీద వందమంది చేసే చప్పుళ్లలాంటిదే. చెప్పడానికి ఒక్క మాట చాలు. నోట్లో సూదులు కూడా లేవు.

"ఏమోనమ్మా," అంది. "నా దగ్గర బాగానే ఉండేవాడు."

"సరేలే అక్కా. ఆదివారం తీసుకెళ్లి ఇచ్చేస్తాం. కళ్లముందే లారీ కింద పడితే మేం చూడలేం."

ఫోను పెట్టేశాక, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, సూదులమ్మకి సంతోషమేసింది. అలాంటిలాంటి సంతోషం కాదు. వెనక గది ఊడ్చింది. కటింగు బల్ల కింద పాత దుప్పటి మడతపెట్టి పరిచింది. కట్టు విప్పిన మణికట్టును అటూ ఇటూ తిప్పి, నొప్పి ఉన్నా లేదనుకుంది. ఇంటాయనకి ఏం చెప్పాలో మిషను తొక్కుతూ నాలుగు రకాలుగా తయారుచేసుకుంది. వాడు తిరిగొస్తున్నాడు, అంతే, మిగతావి ఎలాగో ఒకలా సర్దుకుంటాయి. అక్క స్కేలు మేకు మీద నుంచి దించి తుడిచింది కూడా.

శనివారం షెల్టరమ్మాయి వచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. దుప్పటి చూసింది, స్కేలు చూసింది, స్టూలు మీద కూలబడింది.

"పక్క సిద్ధం చేశానే అమ్మాయ్," అంది సూదులమ్మ.

"మీ దగ్గరికి కాదు పిన్నీ."

"అదేంటి?"

"మీ చేయి సంగతి నాకు తెలీదా? వాడు ఇంకొక్క ఊపు ఊపితే మీ బతుకుతెరువు పోతుంది. ఇంటాయన కూడా ఫోన్ చేసి చెప్పేశారు, ఈసారి ఒప్పుకోనని. మీకు ఇస్తే మీకు నేను ద్రోహం చేసినట్టే." అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "రెండోసారి తిరిగొస్తున్నాడు. ఇంక వెనక వరసే. చివరి బోను ఖాళీగానే ఉంది, మొన్నే శుభ్రం చేయించాను. నాకు ఒక్కటే అర్థం కాదు పిన్నీ. మీ దగ్గర అంత మాట వినేవాడు, వాళ్ల దగ్గర ఎందుకిలా అయ్యాడు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు సూదులమ్మ చేయి స్కేలు మీదికి పోయింది. గోడకి మొహం పెట్టి పడుకున్న కుక్కలు గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటి కూడా తల ఎత్తి చూడలేదు. అందులోకి వాణ్ణి నెట్టింది గోడౌన్ వాళ్లూ కాదు, నర్సరీ వాళ్లూ కాదు, తానే. అక్క స్కేలు చంకలో పెట్టుకుని కుర్చీలోంచి లేచింది.

"నర్సరీకి ఏ బస్సు వెళ్తుంది?"

ఊరవతల దిగేసరికి ఎండ నడినెత్తి మీదుంది. వరసలు వరసలుగా నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మొక్కలు, తడిసిన మట్టివాసన, నేల మీద పాములా పడి ఉన్న నీళ్ల పైపు. షెడ్డు స్తంభానికి తాడుతో కట్టేసిన బండోడు రేకు గోడకి మొహం పెట్టి పడుకుని ఉన్నాడు. పక్కనే వాడి గిన్నె, అందులో తిండి అలాగే ఉంది. 

గొంతును బట్టి పెద్ద మనిషి అనుకుంది గానీ, నర్సరీ ఆవిడ చిన్నగా బక్కపల్చగా ఉంది. చేతుల నిండా మట్టి. "అక్కా, మీరా! ఇంతదూరం వచ్చారా?"

"తప్పు నాది," అంది సూదులమ్మ, కూర్చోమన్నా కూర్చోకుండా. "వాడికి వాడి పేరు తెలీదు. నేనెప్పుడూ పిలవలేదు. మా ఇంట్లో స్కేలుతో కొట్టి పిలుచుకోవడం అలవాటు. నువ్వు ఫోన్ చేసినప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదక్కా?"

"నా దగ్గరికి తిరిగొస్తాడని."

నర్సరీ ఆవిడ చేతులకున్న మట్టి కొంగుకి తుడుచుకుంది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఆవిడ మొగుడు పైపు కట్టేసి వచ్చి, "ముందు ఆ తాడు విప్పవే," అన్నాడు. ఆవిడ విప్పినా బండోడు లేవలేదు.

సూదులమ్మ కుండీలు పెట్టే చెక్కబల్ల మీద స్కేలుతో ఒక దెబ్బ వేసింది. బండోడి చెవులు లేచాయి. తల తిరిగింది. ఒక్క పరుగున వచ్చి ఆమె పొట్టలో తల దూర్చి, తోకతో రెండు కుండీలు పడగొట్టాడు. ఆమె వాడి మెడ మీది నల్లటి చర్మాన్ని నిమిరింది. ఎంతసేపు నిమిరిందో, ఆ మొగుడూ పెళ్లాం అడ్డురాలేదు.

తర్వాత స్కేలు నర్సరీ ఆవిడ చేతికిచ్చి, దూరంగా వెళ్లి కొట్టమంది. ఆవిడ కొట్టింది. బండోడు సూదులమ్మ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. ఆవిడ మళ్లీ కొట్టింది. వాడు వెళ్లాడు. వెళ్లాలనే కదా ఇంతదూరం వచ్చింది, అయినా వెళ్తుంటే ఆమె ఒక అడుగు వాడి వెనకే వేసింది. రెండు దెబ్బలు మొగుడు కొట్టాడు, గేటు దగ్గర, రోడ్డు మీద లారీ వెళ్తుండగా. వాడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"ఇంతేనా!" అని ఆయన పగలబడి నవ్వాడు. "దీనికోసం నా పెళ్లాం అరిచి అరిచి సగం ఊరిని చెవిటిది చేసింది!"

"ఇంతే," అంది సూదులమ్మ. మూడోది చెప్పలేదు. ఆ ఒక్కటీ ఇవ్వడానికి మనసు రాలేదు. అది అక్క ఆఖరి మాట.

"ఇంకెక్కడికీ పంపం అక్కా," అంది నర్సరీ ఆవిడ. "స్కేలు మరి?"

"ఉంచుకో. వాడికి తెలిసిన చప్పుడు దానిదే."

ఖాళీ చేతులతో గేటు దాటింది. నాలుగడుగులు వేసిందో లేదో వెనక గోళ్ల చప్పుడు. నర్సరీ ఆవిడ ఒక దెబ్బ కొట్టింది. బండోడు తల తిప్పి చూసి, మళ్లీ సూదులమ్మ వెనకే వచ్చాడు. రెండు కొట్టింది. ఆగాడు. ఆమె అడుగు వేయగానే వాడూ వేశాడు. రోడ్డు మీద లారీలు రయ్యిమని పోతున్నాయి. నర్సరీ ఆయన నిట్టూర్చి షెడ్డు వైపు నడిచాడు, తాడు కోసం.

మళ్లీ తాడు, మళ్లీ రేకు గోడ. సూదులమ్మ వెనక్కి వచ్చింది. బండోణ్ణి గేటు లోపలికి నెట్టి, నర్సరీ ఆవిడ చేతిలోంచి స్కేలు తీసుకుంది. గేటు ఇనుప కడ్డీ మీద మూడు దెబ్బలు కొట్టింది. ఇనుము మీద ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఆమెకు ఇంతకుముందే తెలుసు.

బండోడు ఆమె మొహంలోకి చూశాడు. ఇక్కడా, అన్నట్టు కాసేపు నిలబడ్డాడు. తర్వాత ముందుకాళ్లు చాచి ఒళ్లు విరుచుకున్నాడు. వెనక్కి తిరిగి, కుండీల మధ్య దారిలో నడిచి, షెడ్డు దగ్గరున్న తన గిన్నె ముందు కూర్చున్నాడు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. పని అయిపోయిందని నమ్మాడు.

"ఈ మూడోది ఏంటక్కా?"

"ఇవాళ్టికి పని అయిపోయింది, లేచి తిందాం అని." సూదులమ్మ స్కేలు తిరిగి ఆవిడ చేతిలో పెట్టింది. "వెళ్లి తాజాగా ఏదైనా పెట్టు. మూడు కొట్టాక గిన్నె ఖాళీగా ఉండకూడదు. మాట తప్పినట్టవుతుంది."

గేటు బయట నిలబడి, వాడు తిన్నంతసేపూ గిన్నె చప్పుడు విని, బస్సెక్కింది.

ఇంటికొచ్చేసరికి వాలుపొద్దు. కటింగు బల్ల కింది దుప్పటి తీసి మడతపెట్టింది. ఎవరికో సోమవారానికి ఇవ్వాల్సిన కోటు మిషను మీద అలాగే ఉంది. సూదులు నోట్లో పెట్టుకుని కూర్చుంది. కాలరు అయింది, చేతులు అయ్యాయి, అంచులు అయ్యాయి. ఆకలి కూడా అయింది, అయినా లేవలేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకరు కొడితేనే ఇంకొకరు లేచేవారు. దీపం వేసుకుని ఇంకో గుడ్డ అందుకుంది.

మెట్ల మీద నుంచి ఇంటాయన అడిగాడు, "ఇంకా అవలేదా అమ్మా పని?"

సూదుల మధ్యలోంచి ఆమె "ఉహూఁ" అంది.